మాదాపూర్ ఎప్పుడు పుట్టింది?

అపార్ట్‌మెంట్ సావనీర్ కోసం మేనల్లుడు రాసిన వ్యాసం మొదటి వాక్యం: "మాదాపూర్ చరిత్ర 1998లో మొదలైంది." మేనమామ ఈ ఊళ్లోనే పుట్టి పెరిగినవాడు.

మామ: ఈ మొదటి లైను కొట్టెయ్యి.

అల్లుడు: ఎందుకు మామా? ఆ నవంబరులో వాజ్‌పేయి వచ్చి సైబర్ టవర్స్ ఐటీ భవనం ప్రారంభించేదాకా ఈ పేరు సిటీలో ఎంతమందికి తెలుసు?

మామ: సిటీవాళ్లకు తెలియకపోతే ఊరు లేనట్టేనా? కుతుబ్‌షాహీల కాలంలో గోల్కొండ కోటకు తాగునీళ్లు మన దుర్గం చెరువు నుంచే పోయేవి. 2020లో దాని మీద కేబుల్ బ్రిడ్జి వేశారు. అందరూ లైట్లకు ఫొటోలు తీస్తారు. కింద ఉన్న నీళ్ల సంగతి ఎవరూ అడగరు. ఇప్పుడు టవర్లున్న చోట రాతి గుండ్లు, సీతాఫలం చెట్లు ఉండేవి. పొద్దున్నే బర్రెలను చెరువులో దింపితే ఎండెక్కేదాకా బయటికొచ్చేవి కావు.

అల్లుడు: బర్రెలు నీకు గుర్తున్నాయి. ఆ గుండ్ల మధ్య మా అమ్మ కట్టెలు ఏరి నెత్తిన మోసింది. బడి మొహం చూడలేదు. నాకు ఇంటికి నడిచొచ్చేంత దూరంలో ఉద్యోగం దొరికింది. 2019లో మెట్రో కూడా వచ్చింది. పాత రోజులు బాగుండేవనేది మోపు మోయనివాళ్ల మాట.

మామ: బాగుండేవని నేననలేదు. అక్క నెత్తి మీద చుట్టబట్ట ఒరిపిడి నేనూ చూశాను. నువ్వు 1998 నుంచి మొదలుపెడితే ఆ మోపు ఏ చరిత్రలోకి పోవాలి?

అల్లుడు: ఇంత ప్రేమున్నవాళ్లు రోడ్డు పక్క చేను ఎందుకమ్మారు?

మామ: అమ్మింది మీ తాత. మీ అమ్మ పెళ్లి అప్పుకి.

అల్లుడు: సంతకం నువ్వూ పెట్టావట.

మామ: పెట్టాను. కొన్నవాడు ఏడాది తిరక్కుండా ప్లాట్లు చేశాడు. అది నీకు కోపమైతే నాకూ కోపమే. కానీ చెరువు సంగతి చూడు. 2024లో ఎఫ్‌టీఎల్‌లో, అంటే చెరువు నిండితే నీళ్లు నిలిచే హద్దు లోపల ఉన్నారని చుట్టుపక్కల ఇళ్లకు నోటీసులొచ్చాయి. నీళ్లు ఎక్కడిదాకా నిలిచేవో ఊళ్లో ముసలోణ్ణి ఒక్కణ్ణి అడిగినా చెప్పేవాడు.

అల్లుడు: నోటీసొచ్చింది లోను కట్టుకునేవాడికి. అక్కడ ప్లాట్లు అమ్మిపెట్టి కమీషన్ తిన్నవాళ్లలో మన ఊరివాళ్లు లేరా?

మామ: ఉన్నారు. అది కూడా రాయి.