ఊరేగింపుకి బయలుదేరిన బడి

ఊళ్ళో ఊరేగింపు ఉందని తెలియగానే స్టాఫ్ రూములో రెండు పార్టీలు పుడతాయి. పిల్లల్ని చూడ్డానికి వదలాలనేది ఒకటి, వదలకూడదనేది ఒకటి. లెక్కల మాస్టారు రెండో పార్టీ. సిలబస్ వెనకబడిందంటారు. సిలబస్ వెనకబడని సంవత్సరమంటూ ఒకటి వస్తే ఆ సంవత్సరానికే ఊరేగింపు తియ్యాలి. సోషల్ టీచరు మొదటి పార్టీ. చరిత్ర వీధిలో నడిచి పోతుంటే మనం తలుపులేసుకుని పుస్తకంలో చదివిస్తామా అంటారు. డ్రిల్లు మాస్టారు మాత్రం పెదవి విప్పరు. ఏ పార్టీ గెలిచినా ఎండలో విజిల్ ఊదాల్సింది తనే అని ఆయనకి తెలుసు.

హెడ్మాస్టరు గారు అందరి మాటా ఓపిగ్గా విని, ఎవరికీ నచ్చని నిర్ణయం తీసుకుంటారు. పిల్లలు వెళ్తారు. యూనిఫాంలో, వరసలో, మాట్లాడకుండా వెళ్తారు. తిరిగొచ్చాక వ్యాసం రాస్తారు. అంటే బడికి సెలవిచ్చినట్టు కాదు, బడిని తీసుకెళ్ళి రోడ్డు పక్కన పెట్టినట్టు. పెళ్ళికి పోతూ పిల్లిని చంకన పెట్టుకుపోవడమంటే ఇదే.

వదలకపోతే చదువు సాగుతుందా అంటే అదీ లేదు. డప్పు చప్పుడు వీధి మలుపులో ఉండగానే కిటికీ పక్క వరస మెడలు తిరుగుతాయి. కిటికీ మూస్తే చప్పుడు ఇంకా ఆసక్తిగా వినిపిస్తుంది. హాల్లో తెర కట్టి ప్రత్యక్ష ప్రసారం చూపిస్తామనే మధ్యేమార్గం కూడా ఒకటుంది. దాని సంగతి ఒక్క ముక్కలో చెప్పొచ్చు: వైరు ప్లగ్గు దాకా రాదు.

సరే, వెళ్ళడమే ఖాయమైందనుకుందాం. పిల్లలు 60 మంది, పెద్దలు 4గురు.

మొదటి గండం అనుమతి కాగితం. ఎక్కడికి, ఎన్నింటికి బయలుదేరతారు, ఎన్నింటికి వస్తారు, వెంట ఎవరుంటారు, ఏ నంబరుకి ఫోన్ చెయ్యాలి అని అన్నీ రాస్తారు. ‘ఆలస్యమైతే ఏం చేస్తారు’ అన్న వాక్యం మాత్రం ఎవరికీ గుర్తు రాదు, అవసరం పడేది ఆ ఒక్క వాక్యమే. ఈ కాగితాలు బయలుదేరే ముందురోజు ఇచ్చేవి కావు, కనీసం వారం ముందు ఇవ్వాలి. ముందురోజు ఇస్తే సగం సంచీ అడుగున నలిగి, కొన్ని చొక్కా జేబులోనే ఉతుకులో పడి, మిగిలినవి తండ్రి సంతకం అచ్చం కొడుకు దస్తూరీలో ఉండి తిరిగొస్తాయి.

రెండోది మంచినీళ్ళకి అవతలి ఒడ్డు, అంటే ఒంటేలు. ‘ఎవరికైనా వెళ్ళాలా?’ అని గేటు దగ్గర అడుగుతారు. ఎవరూ చెయ్యెత్తరు. అది అడగాల్సిన ప్రశ్న కాదు. వెళ్ళాలన్నా వద్దన్నా అందర్నీ పంపించి తీసుకురావాలి. లేకపోతే రోడ్డు పక్కన పావుగంటకి ఒక వేలు లేస్తుంది. ఒక వేలు లేచిందంటే ఆవలింత లాగా వరసంతా అంటుకుంటుంది. అక్కడ గదులు రెండే ఉండి, మనిషికి 2 నిమిషాలు పడితే 60 మందికి సరిగ్గా గంట. పైగా వెళ్ళే ప్రతి గుంపు వెంటా ఒక టీచరు వెళ్ళాలి. దాంతో 15 మందికి ఒకరన్న లెక్క కాస్తా 20 మందికి ఒకరవుతుంది, రెండో వేలు లేస్తే 30కి.

ఇప్పుడు నడక. ఇద్దరేసి చొప్పున 30 జతలు, జతకీ జతకీ మీటరు ఎడం అనుకుంటే వరస 30 మీటర్లు. కాగితం మీద. రోడ్డు మీదికి రాగానే అది 60 మీటర్లవుతుంది. ముందు జత ఒక్క క్షణం ఆగి కదిలితే, వెనక జత అది చూసి కదలడానికి మరో క్షణం, దాని వెనక జతకి ఇంకో క్షణం. ఆ ఆగడం అలలా వెనక్కి పాకుతుంది. కారణం లేకుండా వాహనాలు నిలిచిపోవడం వెనకున్న కిటుకూ ఇదే. చివరి జత కాసేపు నిలబడి, కాసేపు పరిగెత్తి, మొత్తానికి నడవడమన్నది లేకుండానే గమ్యం చేరుతుంది. దీనికి మందు ఒకటుంది, ఎవరూ వాడరు: అందరికంటే నెమ్మదిగా నడిచేవాళ్ళని ముందు పెట్టాలి. బళ్ళలో చేసేది సరిగ్గా తలకిందులు. చలాకీ పిల్లాడి చేతికి బడి పేరున్న బోర్డు ఇచ్చి ముందు నిలబెడతారు. బోర్డు పక్క వీధిలోకి తిరిగిపోయాక కూడా వెనక బడి ఇంకా గేటు దాటుతూ ఉంటుంది.

రోడ్డు దాటడం దగ్గర లెక్కల మాస్టారి అవసరం నిజంగానే పడుతుంది. రోడ్డు వెడల్పు 10 మీటర్లు, నడక సెకనుకి మీటరు. 30 మీటర్ల వరసలో చివరివాడు అవతలి అంచు చేరేసరికి 40 సెకన్లు. సిగ్నలు 20 సెకన్లే ఉంటే సగం బడి ఇటు, సగం బడి అటు. కాబట్టి పదేసి జతలుగా మూడు దఫాల్లో దాటించాలి. ఇంకో సంగతి, దాటిన దఫా అంచునే నిలబడిపోకూడదు, వెనక వచ్చేవాళ్ళకి చోటిచ్చి ముందుకు జరగాలి. విజయగర్వంతో అక్కడే ఆగిపోతే వెనకవాళ్ళు రోడ్డు మీదే మిగులుతారు.

ఇక చోటు. ఎనిమిదేళ్ళ పిల్లాడి కళ్ళు నేలకి మీటరుకి కాస్త పైన ఉంటాయి. పెద్దవాళ్ళ వెనక నిలబెడితే వాడికి కనిపించే ఊరేగింపంతా నడుం బెల్టులూ, చేతి సంచులే. ముందు వరసలో, అదీ కూచోబెట్టాలి. మనిషికి 40 సెంటీమీటర్లు, రెండు వరసలైతే 12 మీటర్ల అంచు చాలు. పొడుగువాళ్ళు వెనక, కాళ్ళు రోడ్డు మీదికి చాపకుండా. నీడ సంగతీ, ఎండ కళ్ళలో పడే వైపు సంగతీ ముందే చూసుకోవాలి. నిటారుగా, మోకాళ్ళు బిగించి నిలబడమని మాత్రం అనకూడదు. అలా కదలకుండా నిలబడితే రక్తం కాళ్ళలోకి దిగి తల తిరుగుతుంది. ఎండలో కళ్ళు తిరిగి పడేది అల్లరి పిల్లాడు కాడు, వాడు క్షణం కుదురుగా ఉండడు కనక. పడేది మాట వినే పిల్లాడే.

కాగితం జెండాలు చేతికి ఎప్పుడివ్వాలన్నది పెద్ద విద్య. చేరగానే ఇస్తే పది నిమిషాల్లో కర్రలు కత్తులవుతాయి, గంటకి జెండాలు పోయి కర్రలే మిగులుతాయి. బాజా చెవిన పడ్డాకే ఇవ్వాలి.

బాజా ఎప్పుడు చెవిన పడుతుందంటే, ఆహ్వానపత్రంలో 10 గంటలని ఉంటుంది. పెద్దలు వచ్చేసరికి 10.40. పిల్లలు కూచున్న చోటు 2 కిలోమీటర్ల దూరం. ఊరేగింపు గంటకి 3 కిలోమీటర్లు నడిస్తే 40 నిమిషాలు. దారిలో నాలుగు వేదికలు, ఒక్కోచోట పది నిమిషాలు ఆగుతుంది. అంటే 12 గంటలకి వస్తుంది. పిల్లలు 9.30కే అంచున కూచున్నారు. ముఖ్యమైన బండి వాళ్ళ ముందున్న 30 మీటర్ల మేర దాటడానికి పట్టేది 36 సెకన్లు. రెండున్నర గంటలకి 36 సెకన్లు. తెలిసినవాళ్ళయితే పిల్లల్ని అసలు దారి పక్కన కూచోబెట్టరు. ఊరేగింపు బయలుదేరే మైదానానికే గంట ముందు తీసుకెళ్తారు. అక్కడ బళ్ళు నిలిచి ఉంటాయి, బాజావాళ్ళు సన్నాయిలు సవరించుకుంటూ ఉంటారు, అడిగితే డోలు మీద ఒక దెబ్బ కూడా వెయ్యనిస్తారు. దారి మధ్యలో అలా కాదు. వేదికల ముందు హోరెత్తించిన బాజా, వేదికకీ వేదికకీ మధ్య ఊపిరి తీసుకుంటుంది. బడి కూచునేది ఎప్పుడూ ఆ ఊపిరి తీసుకునే చోటే.

ఖాళీ రోడ్డు మీద ఈ రెండున్నర గంటల్లో వచ్చేది ఒక్క కుక్క. రెండు వైపులా జనం, మధ్యలో ఎవరూ లేని రోడ్డు. అది నింపాదిగా తోక ఎత్తుకుని నడుస్తుంది. పిల్లలు చప్పట్లు కొడతారు. అది ఆగి చూసి, అలవాటైనదానిలా మళ్ళీ నడుస్తుంది.

పన్నెండు కావస్తుండగా దూరాన డప్పు. సరిగ్గా అప్పుడే డ్రిల్లు మాస్టారికి తలలు లెక్కపెట్టాలన్న బుద్ధి పుడుతుంది. 61 వస్తుంది. 59 వస్తే వెతకొచ్చు, 61 వస్తే ఏం చెయ్యాలి? అదే రంగు చొక్కాల పక్క బడి పిల్లలిద్దరు నీడ బావుందని ఇటు జరిగారు. అందుకే మణికట్టుకి ఒక రంగు రిబ్బను కట్టి, దాని మీద బడి ఫోన్ నంబరు రాస్తారు. పిల్లాడి పేరు రాయరు, పేరు పెట్టి పిలిస్తే ఎవరి వెంటైనా వెళ్తారు కనక. వాళ్ళిద్దర్నీ అప్పగించి మళ్ళీ లెక్కపెడితే 59.

‘మీ జత పక్కనున్నాడా?’ అని అడుగుతారు. అందరూ ఉన్నాడంటారు. ఇక్కడ ఒక మెలిక ఉంది. ఒకడు తప్పిపోతే రెండోవాడు అరుస్తాడు. జతగా పోతే అరిచేవాడే ఉండడు, జతలు కట్టేది స్నేహితులతోనే కనక పోయేదీ జతగానే. అందుకని రెండు జతల్ని కలిపి నలుగురి కట్ట చెయ్యాలి. కానీ ఇప్పుడు పోయింది ఒక్కడే, అరిచినవాడు లేడు. డప్పు మలుపు తిరిగింది.

మాస్టారు విజిల్ ఊది, ‘అందరూ రోడ్డుకి వీపు పెట్టి నావైపు తిరగండి! కదిలితే ఊరుకోను!’ అంటారు. 59 మంది తిరుగుతారు. వాళ్ళ వీపుల వెనక నుంచి ముఖ్యమైన బండి 36 సెకన్ల పాటు పోతుంది. మాస్టారి ముఖం రోడ్డు వైపే ఉంది గానీ, ఆయన నలభై మూడు, నలభై నాలుగు దగ్గరున్నారు. అరవయ్యోవాడు ఆయన వెనకే ఉన్నాడు. పొద్దున హాజరు పట్టీ వాడి చేతికిచ్చి, ‘నేను చెప్పేదాకా నా వెనక నుంచి కదలకు’ అన్నది ఆయనే. ఏరు దాటి తనను తాను మినహాయించి లెక్కపెట్టుకున్న శిష్యుల కథ పాఠంగా చెప్పేది ఈ బళ్ళోనే.

మర్నాడు వ్యాసాలు. 59 మంది కుక్క గురించి రాస్తారు. రంగు, తోక, ఏ చెవి వంగి ఉంది, ఎక్కడ ఆగింది, అన్నీ ఒకరితో ఒకరికి పొల్లుపోకుండా కలుస్తాయి. చూసి రాశారేమోనన్న అనుమానంతో లెక్కల మాస్టారు తలో మార్కు తగ్గిస్తారు. అరవయ్యోవాడిది ఒకటే వాక్యం: ‘మాస్టారు అడ్డంగా ఉన్నారు.’ వ్యాసం మరీ పొట్టిగా ఉందని వాడికి 2 తగ్గాయి.