కారు మాత్ర గారికి, ఒక డ్రైవరు రాయునది

మారోపిటంట్ మాత్ర గారికి,

నమస్కారం. 2007లోనే అమెరికాలో అనుమతి తెచ్చుకున్న పెద్దలు మీరు, కుక్కలకు కారులో వాంతులు కాకుండా చూడటం మీ వృత్తి. గౌరవం లేకపోతే మీ మోతాదు లెక్క కోసం మా కుక్క బుజ్జిగాడిని చంకనేసుకుని బరువు మిషన్ ఎక్కుతానా? ఇద్దరం కలిపి 104, నేనొక్కణ్ణే 84, అంటే వాడు 20 కిలోలు. ఆ 84 సంగతి ఇంటిల్లిపాదికీ తెలిసిపోవడం మీ మొదటి సైడ్ ఎఫెక్ట్.

మీరు రాకముందు గుంటూరు నుంచి విజయవాడ వెళ్లడమంటే మాకు టెన్షనే. మంగళగిరి పానకాల స్వామి పోసిన పానకంలో సగం తాగి సగం మనకే వదిలేస్తాడంటారు కదా, మావాడు అంతదూరం కూడా ఆగకుండా కాజ టోల్‌గేట్ దగ్గరే మొత్తం తిరిగిచ్చేసేవాడు. మా అమ్మ నిమ్మకాయ వాసన చూపించింది. వాడు నిమ్మకాయే తినేశాడు. కాసేపటికి అదీ వచ్చేసింది.

మీ పనితనం డాక్టరుగారు చెప్పారు. కారు ఊగితే చెవి లోపలి బ్యాలెన్స్ భాగం మెదడులోని వాంతి కేంద్రానికి కబురు పెడుతుంది, అక్కడ సబ్‌స్టాన్స్ పి అనే పదార్థం వచ్చి సీట్లో కూర్చుందా, ఇక వాంతే. మీరు దానికంటే ముందెళ్లి ఆ సీట్లో కర్చీఫ్ వేసేస్తారట. సంక్రాంతికి బస్టాండులో కిటికీలోంచి కర్చీఫులు విసిరిన జాతి మాది, వెంటనే అర్థమైంది. కానీ మామూలు వాంతులకు కిలోకు 2 మిల్లీగ్రాములు, కారు ప్రయాణానికి మాత్రం 8 ఏమిటండీ? నడిపేది నేను కాబట్టి నన్నే అన్నట్టుంది.

నా గొడవల్లా మీ షరతులతో. బయల్దేరే ముందు కనీసం 2 గంటలు టైమివ్వాలట! మా ఇంట్లో బయల్దేరే టైము ఎవడికి తెలుసు? నిన్న పదింటి ప్రయాణమని ఎనిమిదికి మిమ్మల్ని వేశాను, మా ఆవిడ "అయిపోయింది, ఇక చీర కట్టుకోవడమే" అన్నాక కూడా గంటన్నర పట్టి, పన్నెండున్నరకి కారు కదిలింది. అప్పటికీ మీరు పనిచేస్తూనే ఉన్నారు, అది మీ గొప్ప. కాస్త తిండితో ఇవ్వాలి గానీ మాంసంలో చుట్టేసి ఇస్తే కరగడం ఆలస్యమట. ఇది తెలియక మొదటిసారి మటన్ ముక్కలో దాచిపెట్టాను. మంగళగిరి దాటాక సీటు మీద మటన్ ముక్క, దాంట్లోంచి సగం కరిగి తొంగిచూస్తూ మీరు.

వాంతి ఆపారు సరే, భయం మాటేమిటి? మీరు మత్తుమందు కాదు కాబట్టి అది మీ డిపార్ట్‌మెంట్ కాదంటారు. నిన్న కృష్ణ మీద వారధి దాటేదాకా వాడు నా భుజం మీద గడ్డం ఆనించి మూలుగుతూనే ఉన్నాడు, చొక్కా అంతా చొంగ.

ఇక ప్రయాణాలకు మిమ్మల్ని వరసగా 2 రోజులకు మించి వాడకూడదన్నారు. నిన్న వచ్చాం, ఇవాళ వెళ్లిపోతాం, లెక్క సరిపోయిందని మూడింటికి రెండో మాత్ర వేసేశాను. ఇప్పుడు అయిదు. కారు గేటు ముందే ఉంది, బుజ్జిగాడు దాని కింద పడుకున్నాడు. మా అత్తగారు గారెలకి మినప్పప్పు ఇప్పుడే నానబోశారు.

ఇట్లు,
బుజ్జిగాడి డ్రైవరు,
ప్రస్తుతం విజయవాడ పటమటలో.