ఆగిన బండిని ఆగిన చోటే చూడండి

పాత కారు దారిలో ఉన్నట్టుండి ఆగిపోతుంది. పది నిమిషాలకు మళ్లీ స్టార్టవుతుంది. హమ్మయ్య అనుకుని నేరుగా షెడ్డుకు తోలుకుపోతాం. అక్కడ ఇంజను బ్రహ్మాండంగా నడుస్తుంటుంది. బాగా నడిచే బండిలో జబ్బు ఎవరికి దొరుకుతుంది చెప్పండి? అందుకే అంచనా మీద ముందు ప్లగ్గులు మారుస్తారు, తర్వాత స్పార్కుకు కరెంటిచ్చే కాయిల్, ఆ తర్వాత పెట్రోలు పంపు. బండి మాత్రం మళ్లీ ఆగుతుంది. ఆఖరికి "ఎందుకన్నా ఈ బండి, అమ్మేయ్" అంటారు. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. పరీక్షే చేయకుండా బండికి చావు రాసేస్తే ఎట్లా?

ఇట్లాంటి జబ్బు దొరికేది బండి ఆగి ఉన్న ఆ కాసేపట్లోనే. స్పార్కు రావట్లేదా, పెట్రోలు రావట్లేదా అన్నది ముందు అప్పుడే తేల్చుకోవాలి. ఎంపీఎఫ్ఐ బండయితే, అంటే కార్బురేటర్ బదులు ఇంజెక్టర్లతో పెట్రోలు చిమ్మేదయితే, తాళం ఆన్ చేసి చెవి పెట్టండి. చాలా బండ్లలో వెనక సీటు కింద పంపు రెండు సెకన్లు గుయ్యిమంటుంది. ఆ చప్పుడు లేకపోతే ఫ్యూజు, రిలే, పంపు, వాటి వైర్లు చూడాలి. చప్పుడు వచ్చినంత మాత్రాన ప్రెషర్ ఉన్నట్టు కాదు, దాన్ని గేజి పెట్టే చూడాలి. స్పార్కుకు చిన్న టెస్టర్ ఒకటి కొని డిక్కీలో పడేసుకోండి. ప్లగ్గు వైరు పీకి బాడీకి ఆనించే పాత అలవాటు మానండి. పెట్రోలు వాసన ఉన్నప్పుడు అది ప్రమాదం, ఇంజను నడిపే కంప్యూటరుకూ (ఈసీఎం) మంచిది కాదు.

ఆగే తీరు కూడా చాలా చెబుతుంది. స్విచ్ కట్టేసినట్టు టక్కున ఆగితే ఎక్కువగా కరెంటు వైపే అనుమానించాలి. జర్కులు కొట్టి, పికప్ చచ్చి, మెల్లగా ఆగితే పెట్రోలు వైపు చూడాలి. టోల్‌గేటు దగ్గర యాక్సిలరేటర్ తొక్కకుండా ఐడిల్‌లోనే ఆగుతుంటే ఇంజనులోకి గాలి వెళ్లే థ్రాటిల్ బాడీలో మసి, ఐడిల్ వాల్వు, పగిలిన వాక్యూమ్ పైపు చూడండి. ఇంజను వేగం చూపే టాకో మీటరు ఉంటే దాన్నీ గమనించండి. బండి గేరులోనే దొర్లుతుండగా ముల్లు ఒక్కసారిగా సున్నాకు పడితే, ఇంజను తిరుగుడును కంప్యూటరుకు చెప్పే క్రాంక్ సెన్సార్ మీదో ఇగ్నిషన్ కరెంటు మీదో అనుమానం పెట్టుకోవాలి.

మా పక్కింటి మాస్టారి కారు సరిగ్గా ఇట్లాగే చేసింది. కావలి నుంచి ఒంగోలు పోతుంటే ఎండ ముదిరాక ఆగేది, చల్లబడితే కదిలేది. షెడ్డులో కాయిల్, పంపు రెండూ మార్చేశారు. ఆగినప్పుడు చూస్తే స్పార్కూ లేదు, ఇంజెక్టర్లకు సిగ్నలూ లేదు. రెండూ ఒకేసారి పోయాయంటే రెండిటికీ పైన ఉన్నదాన్ని పట్టుకోవాలి. క్రాంక్ సెన్సార్ మీద తడిగుడ్డ వేసి కాసేపు ఆగితే స్టార్టయింది. వేడెక్కితే లోపలి చుట్ట తెగి, చల్లారితే అతుక్కునేది. సెన్సార్ మార్చాక మళ్లీ ఆగలేదు. రోహిణి కార్తె ఎండల్లో ఈ జబ్బు బయటపడటం మామూలే. కార్బురేటర్ బండ్లలో అయితే ఇదే వేడికి పెట్రోలు పైపులో ఆవిరి పట్టేస్తుంది. అక్కడ పంపు మీద తడిగుడ్డ వేసి చూడాలి.

కొత్తపట్నం, రామాయపట్నం లాంటి సముద్రం పక్క ఊళ్లలో ఉప్పుగాలికి బ్యాటరీ మైనస్‌ను బాడీకీ ఇంజనుకూ కలిపే ఎర్త్ వైరు తుప్పు పడుతుంది. సెల్ఫ్ కొడుతుండగా బ్యాటరీ మైనస్‌కూ ఇంజను బ్లాకుకూ మధ్య మల్టీమీటరు పెట్టి చూడండి. అర వోల్టు దాటిందంటే ముందు ఎర్త్ బాగుచేసుకోండి. పెట్రోలు క్యాపు తీస్తే బుస్సుమని గాలి లోపలికి పీల్చి, ఆ వెంటనే బండి కదిలితే ట్యాంకులోకి గాలి వెళ్లే దారి మూసుకుపోయినట్టు. ఇది ఖర్చు లేని పరీక్ష.

ఇప్పుడు ప్రతిదాన్నీ ఈ20 పెట్రోలు (ఇరవై శాతం ఇథనాల్ కలిపింది) మీదికి నెట్టేస్తున్నారు. పాత రబ్బరు పైపులు దానికి తట్టుకోకపోవచ్చు, ఇథనాల్ నీళ్లు పీలుస్తుందన్నదీ నిజమే. ఆ పైపులు తప్పకుండా చూసుకోవాలి. కానీ టక్కున కరెంటు కట్టయ్యే బండికి పెట్రోలును తిడితే ఏం లాభం?

ఆగిన ప్రతిసారీ ఇంజను వేడిగా ఉందా, ట్యాంకులో ఎంత ఉంది, ఏసీ వేశారా, గుంతలో పడిందా అని ఒక పుస్తకంలో రాయండి. పెట్రోలు పావు ట్యాంకు కంటే తగ్గాకే ఆగుతుంటే, చల్లదనం చాలక పంపు వేడెక్కుతోందేమో చూడాలి. ఆ పుస్తకం చేతికిస్తే మంచి మెకానిక్కు సగం పని అయిపోయినట్టే. పుస్తకం వైపు చూడకుండానే "పంపు మార్చేద్దాం" అనే షెడ్డు నుంచి బండి వెనక్కి తెచ్చుకోండి.

ఇది కేవలం డబ్బుల గొడవ కాదు. పదహారో నంబరు హైవే మీద వెనక లారీలు తరుముతుంటే ఇంజను ఆగడం ప్రాణాల మీదికి వచ్చే సంగతి. బ్రేకు ఒకటి రెండు తొక్కులదాకానే మెత్తగా ఉంటుంది, తర్వాత గట్టిపడిపోతుంది. పవర్ స్టీరింగయితే బరువెక్కుతుంది. పదే పదే తొక్కకుండా ఒకే పట్టున బ్రేకు పట్టండి, హజార్డ్ లైట్లు వేసి ఎడమకు తీయండి. బండి పూర్తిగా ఆగేదాకా తాళం మాత్రం బయటికి లాగొద్దు, స్టీరింగ్ లాకయిపోతుంది.