చందా కట్టారు సరే, వెతకడం ఎవరు నేర్పుతారు?

ప్రభుత్వ విద్యా, పరిశోధన సంస్థల కోసం కేంద్రం జర్నళ్లకు ఒకేచోట చందా కట్టే వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ పథకం లెక్కలు అందరికీ తెలిసినవే: 2025 నుంచి మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలు, 30 ప్రచురణ సంస్థలు, దాదాపు 13,000 జర్నళ్లు. ఇంతా చేస్తే చెన్నైలో పీహెచ్‌డీ చేస్తున్న మన పిల్లలు గూగుల్ స్కాలర్‌లో టాపిక్ మొత్తం ఒక్క వాక్యంగా కొట్టి, మొదటి పేజీలో వచ్చినవి దించుకుని సాహిత్య సమీక్ష (ఆ అంశంపై ఇదివరకు వచ్చిన పరిశోధనల పరిశీలన) అయిందనిపిస్తున్నారు.

చెన్నై నగర పారిశుద్ధ్య కార్మికులపై ఎండ ప్రభావం అనే అంశమే తీసుకోండి (ఈ పనిలో తెలుగు కుటుంబాలు తరాలుగా ఉన్నాయి). ఇందులో భావనలు మూడు: కార్మికులు, ఎండ, ఊరు. ఒక్కోదానికి పర్యాయపదాలు రాసుకుని 'ఆర్' (OR)తో కలిపి బ్రాకెట్లో పెట్టాలి. మూడు బ్రాకెట్లనూ 'యాండ్' (AND)తో ముడేయాలి. బ్రాకెట్లు మరిచారా, వైద్య పరిశోధనల డేటాబేస్ పబ్‌మెడ్ ఎడమ నుంచి కుడికి చదువుకుపోయి సంబంధం లేనివి వేలల్లో కుమ్మరిస్తుంది. 'శానిటేషన్ వర్కర్' ఒక్కటే వేస్తే 'స్వీపర్', 'వేస్ట్ కలెక్టర్' అని రాసిన పేపర్లు జారిపోతాయి.

అసలు తిరకాసు ఊరి పేరు దగ్గర. 1996కు ముందరి పేపర్ల కోసం 'మద్రాస్' చేర్చక తప్పదు. చేరిస్తే ఐఐటీ మద్రాస్, మద్రాస్ మెడికల్ కాలేజీ వాళ్లు ఎండ మీద, కార్మికుల మీద ఎక్కడి గురించి రాసినా వచ్చిపడతాయి. ఫీల్డ్ (పేపరు వివరాల్లో ఏ భాగంలో వెతకాలో) చెప్పకపోతే పబ్‌మెడ్ రచయితల చిరునామాలో కూడా వెతుకుతుంది మరి. మందు ఒక్కటే, ఆ పదాన్ని టైటిల్, అబ్‌స్ట్రాక్ట్‌లకే కట్టేయడం. అయితే ఊరు సారాంశంలో లేని పేపరు తప్పిపోతుంది. అందుకే ముందే తెలిసిన నాలుగైదు మంచి పేపర్లు వలలో పడ్డాయో లేదో చూడాలి. పడకపోతే వాటిలోని పదాలు తెచ్చి కలపాలి. ఫలితాలు సున్నా అయితే మొదట తీసేయాల్సింది ఊరి బ్రాకెట్టే. స్కాలర్ ఏ వెతుకులాటకైనా వెయ్యి ఫలితాలకు మించి చూపదు. దాన్ని 'సైటెడ్ బై' లింకుల (ఒక పేపరును ఉటంకించిన తర్వాతి పేపర్ల జాబితా) కోసం వాడుకోవడం మేలు.

ఏఐ ఉండగా ఇంత తతంగం దేనికంటారు. పర్యాయపదాలు అడగడానికి భేషుగ్గా పనికొస్తుంది. కానీ లేని పేపర్లను ఉన్నట్టు చెప్పే అలవాటు దానికింకా పోలేదు, ఇవాళ ఇచ్చిన జాబితా రేపు మళ్లీ ఇస్తుందన్న భరోసా లేదు.

1924లో, భారత గ్రంథాలయ శాస్త్ర పితామహుడు ఎస్.ఆర్. రంగనాథన్ మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారి అయ్యారు. 1931లో ఆయన అచ్చువేసిన ఐదు గ్రంథాలయ సూత్రాల్లో నాలుగోది పాఠకుడి సమయం ఆదా చేయమంటుంది. అదే ఊళ్లో ఇప్పుడు లైబ్రేరియన్ అంటే నో డ్యూస్ (పుస్తకాల బాకీ లేదన్న పత్రం) మీద సంతకం పెట్టే మనిషి! కోర్సువర్క్‌లో వెతుకులాటను ప్రాక్టికల్‌గా పెట్టి మార్కులు ఆ లైబ్రేరియన్ చేతికివ్వండి. ఏ డేటాబేస్‌లో, ఏ తేదీన, ఏ స్ట్రింగ్‌తో (వెతికిన పదాల వరుస), ఎన్ని ఫలితాలు వచ్చాయో అనుబంధంలో లేని థీసిస్‌పై గైడు సంతకం పెట్టకూడదు.