పదవీ విరమణ చేస్తున్న మా ఇంటి కరెంటు మీటరు గారికి

ఆర్యా,

వనస్థలిపురంలోని మా ఇంటి మెట్ల కింద, చెక్క పలకకు నాలుగు మరలతో బిగించి ఉన్న మిమ్మల్ని వచ్చే సోమవారం ఊడదీస్తారని కబురు అందింది. 2007లో మా గృహప్రవేశానికి మూడు రోజుల ముందు విధుల్లో చేరి, ఆనాటి నుంచి ఒక్క పూట సెలవు పెట్టకుండా, దసరా మామూలు అడగకుండా పనిచేసిన ఉద్యోగిని సన్మానపత్రం లేకుండా సాగనంపడం మర్యాద కాదు. సన్మానపత్రంలో పొగడ్తలే ఉండాలన్న ఆచారం నాకు తెలియనిది కాదు గాని, మీ ఉద్యోగానికి ఎసరు పెట్టిన లోపాలేమిటో మీకు చెప్పేవారెవరూ ఉండరు కనుక ఆ పని కూడా నేనే చేస్తున్నాను.

మీ ప్రధానమైన లోపం, జరిగినదాన్ని మాత్రమే లెక్కపెట్టడం. మీ ముఖం మీద ఒక ఎర్ర చుక్క వెలుగుతూ ఆరుతూ ఉంటుంది. అది 3200 సార్లు మిణుకుమంటే ఒక యూనిట్ అని దాని పక్కనే ముద్రించి ఉంది. రాత్రి భోజనాలయ్యాక ఏసీ వేస్తే ఆ చుక్క మెట్లెక్కి వచ్చిన మనిషి గుండెలా కొట్టుకుంటుంది. అందరం ఊరెళ్లి ఫ్రిజ్ ఒక్కటే నడుస్తున్నప్పుడు ముసలాయన జపమాల తిప్పినట్టు ఆగి ఆగి కదులుతుంది. దేశంలో సగటున ఒక యూనిట్ కరెంటు తయారయ్యేసరికి సుమారు 0.7 కిలోల బొగ్గుపులుసు వాయువు (కార్బన్ డయాక్సైడ్) గాలిలో కలుస్తుందని కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ లెక్క చెబుతోంది. ఆ ప్రకారం మీ ఒక్కొక్క రెప్పపాటు ఖరీదు పావు గ్రాముకు కాస్త తక్కువ. వాడారా, పడింది, వాడలేదా, పడలేదు. ఇంత మొరటు లెక్కతో జాతీయ విధానాలు నడవవు స్వామీ.

నాగరికమైన లెక్క ఎలా ఉంటుందో చూడండి. 2021 నవంబరులో గ్లాస్గో వాతావరణ సదస్సులో మన ప్రధాని, 2030 నాటికి దేశ ఇంధన అవసరాల్లో 50 శాతాన్ని పునరుత్పాదక వనరులతో తీరుస్తామని ప్రకటించారు. తొమ్మిది నెలలు గడిచి, 2022 ఆగస్టులో ఆ మాట కాగితం మీదికి ఎక్కి ఐక్యరాజ్యసమితికి చేరేసరికి, విద్యుత్ స్థాపిత సామర్థ్యంలో సుమారు 50 శాతం శిలాజేతర (బొగ్గు, చమురు, గ్యాసు కాని) వనరులది అవుతుందని మారింది. ఇంధనం అన్నచోట విద్యుత్తు, అవసరం అన్నచోట సామర్థ్యం వచ్చి కూర్చున్నాయి. దేశంలో అంతిమంగా వాడే ఇంధనంలో కరెంటు వాటా అటూ ఇటూగా ఐదో వంతు. మిగిలినదంతా లారీ ట్యాంకులోనో, సిమెంటు కొలిమిలోనో, వంటగ్యాసు బండలోనో ఉంటుంది. ఆ ఐదో వంతులో కూడా తయారైన కరెంటును లెక్కించకుండా, తయారు చేయగల యంత్రాలను లెక్కించడంతో 2025 జూన్ చివరికే లక్ష్యం నెరవేరిపోయింది. మొత్తం 484.8 గిగావాట్ల సామర్థ్యంలో 242.8 గిగావాట్లు శిలాజేతరం. అయిదేళ్లు ముందే సాధించామని ఢిల్లీలో అభినందనలు చెప్పుకున్న ఆ రోజుల్లో మీ దగ్గరికి వచ్చిన కరెంటులో బొగ్గు వాటా ఎంత? దేశం మొత్తం మీద నూటికి 70 అటూ ఇటూగా.

ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు సుమా. అదే దాని గొప్పతనం. మా డాబా మీదే చూడండి: పీఎం సూర్యఘర్ పథకం కింద, 78,000 రూపాయల రాయితీ వస్తుందన్న ఆశతో, 3 కిలోవాట్ల సౌర పలకలు బిగించుకున్నాను. బాగా ఎండ కాసిన రోజున అవి ఇవ్వగలిగేది పన్నెండు యూనిట్లు. మీరైతే పన్నెండని రాసుకుంటారు. స్థాపిత సామర్థ్యం లెక్కలో అవి 3 కిలోవాట్లు; మధ్యాహ్నం 3 కిలోవాట్లు, ముసురు పట్టినప్పుడు 3 కిలోవాట్లు, అమావాస్య అర్ధరాత్రి కూడా ముచ్చటగా 3 కిలోవాట్లే. రాజస్థాన్‌లో ఎండ దండిగా ఉన్న వేళ, కరెంటు మోసుకుపోయే లైన్లు చాలక కొన్ని సౌర కేంద్రాలను తగ్గించి నడపమంటున్నారు. వాటి సామర్థ్యానికి మాత్రం లోటేమీ రాదు.

మా పలకల సంగతి ఎత్తాను కనుక ఆ కష్టం కూడా చెప్పుకోనివ్వండి. పలకలు ఫిబ్రవరి చివర బిగించారు. కరెంటును లోపలికీ బయటికీ రెండు వైపులా లెక్కపెట్టగల మీ వారసుడు వస్తే గాని వాటికి స్విచ్ వేయకూడదన్నారు. ఆ వారసుడి కోసం నేను ఒక కార్యాలయానికి తొమ్మిది సార్లు తిరిగాను. ఒకసారి సారు లేరు, ఒకసారి సర్వర్ లేదు, ఒకసారి ఇద్దరూ ఉన్నారు గాని మీటర్ల స్టాకు లేదు. ఈలోగా ఏప్రిల్‌లో మా అమ్మ ఆ పలకల పక్కనే నాన్నగారి పాత పంచె పరిచి గుమ్మడి వడియాలు పెట్టింది. దరఖాస్తు లేదు, తనిఖీ లేదు, ఒప్పంద పత్రం మీద సంతకం లేదు. మూడో రోజుకు వడియాలు గలగలమన్నాయి. పంచె ఎత్తి డబ్బాలో పోసుకుంటూ, ఆ నల్లద్దాలను చూసి "వీటికింకా ఎండ తగల్లేదట్రా?" అని అడిగింది. దేశంలో కోటి ఇళ్లకు 75,021 కోట్ల రూపాయలతో తలపెట్టిన పథకాన్ని వడియాలతో పోల్చడం అన్యాయమని ఆవిడకు నచ్చజెప్పాను. జూన్ సగం గడిచాక, మబ్బులు కమ్ముకున్నాక, స్టాకు వచ్చింది.

మీ రెండో లోపానికి మీ బాధ్యత ఎంతో చెప్పలేను. మీరు ఉన్నచోట మరీ ఎక్కువగా ఉంటారు, కావలసినచోట కనబడరు. మా పక్కింటి రెండు గదుల వాటాలో 200 యూనిట్ల దాకా గృహజ్యోతి కింద జీరో బిల్లు; 201 అయితే మొత్తానికీ బిల్లు. అందుకని నెలాఖరులో ఆ ఇంటి అమ్మాయి ఇంటర్ పుస్తకం పట్టుకుని వచ్చి, మీ పక్కనున్న వాళ్ల మీటరులో ఈ నెల లెక్క 196కు చేరిందని చూసి, ఫ్యాను ఆపి అరుగు మీద కూర్చుని చదువుకుంటుంది. ఆ నాలుగు యూనిట్ల మీద ఇంత నిఘా ఉన్న రాష్ట్రంలో లక్షలాది బోరు మోటార్లకు మీ జాతివాడు ఒక్కడూ లేడు. 2004 మే 14న లాల్ బహదూర్ స్టేడియంలో వై.ఎస్. రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసి ఉచిత విద్యుత్తు ఫైలు మీద తొలి సంతకం పెట్టినప్పుడు రైతు ఉన్న స్థితికి అది అవసరమే, ఇప్పటికీ అవసరమే. ఉచితంగా ఇవ్వడానికీ లెక్కించకుండా ఇవ్వడానికీ తేడా ఉందనడమే నా మనవి. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో అది ఇరవై నాలుగు గంటలైంది. మీటర్లు పెడితే అదనపు అప్పుకు అనుమతిస్తామని కేంద్రం ఆశచూపినప్పుడు, మోటార్లకు మీటర్లు పెట్టేది లేదని అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ సభ సభలోనూ చెప్పారు, జనం చప్పట్లు కొట్టారు. కొన్ని ట్రాన్స్‌ఫార్మర్ల దగ్గర నమూనాగా కొలిచి, దాన్ని రాష్ట్రమంతటికీ గుణించి, వ్యవసాయానికి ఇంత కాలిందని రాసుకుంటారు.

ఆ లెక్కలేని కరెంటు ఎంత దూరం ప్రయాణిస్తుందో తెలిస్తే మీరు విస్తుపోతారు. యాదాద్రి థర్మల్ కేంద్రం కోసం దామరచర్లకు బొగ్గు వస్తుంది. బొగ్గు కరెంటై బోరును నడిపిస్తుంది. బోరు నీటిలో వరి నిలబడి, భూమిని వేడెక్కించే మీథేన్ వాయువు వదులుతుంది. వరి బియ్యమై గోదాముకు చేరుతుంది. అక్కడ మిగిలిన బియ్యంలో కొంత ఇథనాల్ అవుతుంది. ఇథనాల్ మా స్కూటరు పెట్రోలులో 20 శాతమై కలుస్తుంది. 2030కి అనుకున్న ఆ 20 శాతాన్ని 2025లోనే సాధించాం. బంకు దగ్గర ఆకుపచ్చ అక్షరాల బోర్డు ఉంటుంది. ఈ దారిలో ఒక్క మలుపులో కూడా మీ ఎర్ర చుక్క మిణుకుమనదు.

పరిశ్రమలకు మీరు ఉన్నారు గాని, తాండూరు సిమెంటు ఫ్యాక్టరీలో మీరు చూడగలిగేది మిల్లు తిరగడానికి పట్టిన కరెంటు మాత్రమే. సున్నపురాయిని కాల్చితే ఆ రాయిలోంచే పొగ కనబడకుండా అదే బొగ్గుపులుసు వాయువు బయటికి వస్తుంది. దానికి తీగ లేదు, మీరు పట్టుకోలేరు. అందుకోసం 2023 జూన్‌లో కార్బన్ క్రెడిట్ల వ్యాపార పథకాన్ని, అంటే లక్ష్యం కంటే ఎక్కువ తగ్గించినవాడు ఆ మిగులును తగ్గించలేనివాడికి అమ్ముకునే ఏర్పాటును, నోటిఫై చేశారు. సిమెంటు, ఉక్కు, అల్యూమినియం, ఎరువులు, కాగితం, బట్టల మిల్లులు సహా తొమ్మిది రంగాలు అందులో ఉన్నాయి. అన్నిటికంటే ఎక్కువ పొగ వదిలే థర్మల్ విద్యుత్ కేంద్రాలు మాత్రం ఆ జాబితాలో లేవు. పెళ్లికి ఊరంతటినీ పిలిచి పెళ్లికొడుకును పిలవడం మరచినట్టు కనబడుతుంది గాని, మరచిపోవడం కాదు.

ఇక తీవ్రత అనే విద్య. జీడీపీలో ఒక్కొక్క రూపాయికి వెలువడే ఉద్గారాలను 2005తో పోలిస్తే 2030కి 45 శాతం తగ్గిస్తామన్నది మన మరో హామీ. దీన్ని మన ఇంటికి వర్తింపజేసి చూశాను. 2007లో నా జీతం 14,000. మీరు నెలకు 140 యూనిట్లు చూపేవారు, అంటే వెయ్యి రూపాయల జీతానికి పది యూనిట్లు. ఇప్పుడు జీతం 70,000, వాడకం 290. వెయ్యికి నాలుగు యూనిట్ల చిల్లర. వాడకం రెట్టింపైంది, తీవ్రత 58 శాతానికి పైగా తగ్గింది. ఈ విజయాన్ని భోజనాల దగ్గర ప్రకటిస్తే, కామర్స్ చదువుతున్న మా అమ్మాయి ధరల పెరుగుదల తీసేసి లెక్కించాలని ఆక్షేపించింది. ఆమె మాట నిజమే, దేశం లెక్కలో దాన్ని తీసేస్తారు కూడా. పైగా భారతీయుడి తలసరి ఉద్గారాలు ప్రపంచ సగటులో సగం కంటే తక్కువ కనుక, ఎదిగే దేశానికి ఇలాంటి లక్ష్యం తగదని నేను అనను. ఆ అంకె చదివిన ప్రతివాడూ పొగ తగ్గిందనుకుంటాడు, అనుకోనిస్తారు. నా అభ్యంతరం అంతవరకే.

మీ వంశంలో ఈ చాదస్తం మీ ఒక్కరికే మిగిలింది. మీ జ్ఞాతి ఆటో మీటరు హైదరాబాదులో ఎప్పుడో సన్యసించింది. కోఠి నుంచి దిల్‌సుఖ్‌నగర్‌కు ఎంతంటే డ్రైవరన్న ఆకాశం వైపు చూసి ఒక అంకె చెబుతాడు, మనం సగం అంటాం, మధ్యలో ఎక్కడో కుదురుతుంది. గ్లాస్గోలో చివరి రోజున బొగ్గు విషయంలో జరిగింది కూడా అంతే: దశలవారీగా తొలగించాలని అక్కడివారు రాసుకొచ్చారు, దశలవారీగా తగ్గించాలని మనం అన్నాం, బండి కదిలింది. 2024-25లో దేశం తవ్విన బొగ్గు 100 కోట్ల టన్నులు దాటిందని ఆ తర్వాత సగర్వంగా ప్రకటించుకున్నాం. మన సింగరేణి తాను వాడుకునే కరెంటుకు సరిపడా సౌర విద్యుత్తు పండించి నెట్ జీరో కంపెనీ కావాలని చూస్తోంది. అది అమ్మిన బొగ్గు మండేది కొన్నవాడి పొయ్యిలో కనుక, వాడి ఖాతాలో. దాదాపు పూర్తిగా విద్యుదీకరించిన మన రైళ్లు ఎక్కువగా మోసే సరుకు ఆ బొగ్గే.

అయ్యా, మీకిది అసూయ పుట్టించే వార్త. 2021లో మొదలైన పథకం కింద దేశమంతటా 25 కోట్ల స్మార్ట్ మీటర్లు పెట్టాలని నిర్ణయించారు. అవి ముందే డబ్బు కట్టించుకోగలవు, అయిపోగానే దూరం నుంచే కరెంటు ఆపగలవు. 2070కి నెట్ జీరో, అంటే దేశం గాలిలోకి వదిలినంతా తిరిగి పీల్చుకునే స్థితి, అన్న వాగ్దానానికి అలాంటిది ఒకటి బిగిస్తారేమోనని వాకబు చేశాను. ఆ కనెక్షన్ పోస్ట్‌పెయిడ్ అట.

మిమ్మల్ని తీసుకుపోవడానికి నింపవలసిన కాగితం నిన్ననే వచ్చింది. మీటరు స్థితి అన్న గడిలో "బాగా పనిచేయుచున్నది" అని రాసి ఉంది. తొలగింపునకు కారణం అన్న గడి ఖాళీగా ఉంది. చివరి రీడింగ్ దగ్గర నేనే టార్చి వేసి చూసి 43,218 అని రాశాను, దాన్ని 0.7తో గుణిస్తే 30 టన్నులు దాటింది, అది రాయడానికి గడి కనబడలేదు. కాగితం మార్జిన్‌లో చిన్న అక్షరాలతో రాసి సంతకం పెడితే, తీసుకోవడానికి వచ్చిన కుర్రాడు అదేమిటని అడిగి, కొట్టివేతలు ఉంటే చెల్లదని చెప్పి, కొత్త కాగితం ఇచ్చాడు.

ఇట్లు,
మీ ఎర్ర చుక్క ఎరిగిన వినియోగదారుడు

తా.క.: మీ వెనక కాపురముంటున్న బల్లికి సోమవారం సంగతి ఇంకా చెప్పలేదు.