గ్రంథాలయాన్ని పాఠకుల బారి నుంచి కాపాడుకుందాం

బెజవాడ, గుంటూరు కాలేజీల్లో ఈ మధ్య ఒక కలవరపెట్టే పోకడ మొదలైంది. అక్కడొకరు ఇక్కడొకరు విద్యార్థులు లైబ్రరీకి వచ్చి పుస్తకం అడుగుతున్నారు. ఏలూరు రోడ్డులో ఆల్ ఇన్ వన్‌లు రాశులు పోసి ఉండగా, అరండల్‌పేటలో స్పైరల్ బైండింగ్ మెటీరియల్ వేడివేడిగా దొరుకుతుండగా, పరీక్ష ముందు రాత్రి ఇంపార్టెంట్ క్వశ్చన్లు వాట్సాప్‌లో వచ్చి వాలుతుండగా వీళ్లకీ పోయేకాలం ఎందుకొచ్చిందో తెలియదు. యాజమాన్యాలు ఇప్పుడే మేలుకోకపోతే రేపు లెక్చరర్లకు కూడా అంటుకుంటుంది.

నిజానికి ఈ జబ్బు ఇక్కడి గాలిలోనే ఉంది. 1914లో ఆంధ్రదేశపు గ్రంథాలయాల ప్రతినిధులంతా తొలి సభకు కూడింది బెజవాడలోనే. దాని వెనక ఉండి నడిపించింది అయ్యంకి వెంకటరమణయ్య గారు. అది చాలదన్నట్టు 1935లో పాతూరి నాగభూషణం గారు గుంటూరు జిల్లా కాలువల మీద పడవలో పుస్తకాలు వేసుకెళ్లి ఊళ్లవాళ్లకు పంచారు. ఆ తొందరపాటును సరిదిద్దడానికి మనకు చాలా ఏళ్లు పట్టింది. ఇప్పుడు పుస్తకం పాఠకుడి దగ్గరకు పోవడం మాట అటుంచి, పాఠకుడే వచ్చి ఎదురుగా నిలబడ్డా కదలదు.

ఈ విజయంలో సింహభాగం అద్దాల బీరువాది. పుస్తకం కనబడుతుంది, అందదు. తాళంచెవి అటెండర్ దగ్గర, అటెండర్ ప్రిన్సిపాల్ గది దగ్గర. మూసిన బీరువాలో గాలి ఆడదు, వానాకాలపు చెమ్మ లోపలే నిలబడుతుంది, బైండింగుకు పూసిన గంజి జిగురు సిల్వర్ ఫిష్‌లకు విందుభోజనం. పుస్తకాల పురుగు అని ఒకప్పుడు చదువరులను అనేవాళ్లు. ఇప్పుడా బిరుదు అసలు హక్కుదార్లకే తిరిగి దక్కింది. కలరా ఉండలు వేస్తే వాసన వస్తుంది గానీ చెమ్మ పోదు. ర్యాకును గోడకు జానెడు దూరం జరిపి, తలుపులు తీసి, అప్పుడప్పుడూ దుమ్ము దులిపితే పురుగు పోతుంది. కానీ తలుపు తీస్తే ఎవరైనా చదివే ప్రమాదం ఉంది కాబట్టి ఆ పని ఎవరూ చెయ్యరు.

లైబ్రేరియన్‌ను తప్పుపట్టడానికి లేదు. పుస్తకం పోతే జీతంలో కోస్తారని ఆయన భయం. కేంద్ర ప్రభుత్వ సాధారణ ఆర్థిక నియమావళి 2017లోని 215వ నియమం మాత్రం ఏడాదిలో ఇచ్చిన, చూసిన ప్రతి 1,000 పుస్తకాలకు 5 పోవడం సహజమేనంటుంది. అజాగ్రత్త, మోసం ఉండకూడదు. 1,000 రూపాయలు దాటిన పుస్తకం, అరుదైన పుస్తకం పోతే విచారణ జరపాలి. అది ప్రభుత్వ సంస్థల నియమమే అయినా, చూసి నేర్చుకునే ప్రైవేటు కాలేజీలు ఉండకపోవు. కాబట్టి ఈ సంగతి లైబ్రేరియన్ చెవిన పడనివ్వకండి.

తరవాతిది ఓపాక్. అంటే ఏ పుస్తకం ఎక్కడుందో చెప్పే కంప్యూటర్. చాలాచోట్ల గుమ్మం పక్కనే ఉంటుంది. దసరాకు పెట్టిన కుంకుమ బొట్టు సంక్రాంతి దాకా చెదరదు. లోపల కోహా ఉంటుంది. ఉచిత సాఫ్ట్‌వేర్, పనిమంతురాలు. పేరు కొడితే కాల్ నంబర్, అంటే పుస్తకం ఏ అరలో ఉందో పట్టిచ్చే సంఖ్య, చెబుతుంది: స్టాటిస్టిక్స్‌కు 519.5, తెలుగు సాహిత్యానికి 894.827. అయితే తెలుగు పుస్తకాల పేర్లు ఎక్కించినవాళ్లు ఇంగ్లీషు అక్షరాల్లో ఎక్కించారు. ఒకరి 'చరిత్ర'లో హెచ్ ఒకచోట, ఇంకొకరిదాంట్లో రెండుచోట్ల, మూడోవారిదాంట్లో ఎక్కడా లేదు. ఉన్న పుస్తకాన్ని లేదనిపించడానికి ఇంతకంటే గట్టి తాళం లేదు. మాటలో మొదటి నాలుగైదు అక్షరాలు కొట్టి చివర నక్షత్రం గుర్తు పెట్టేవాడు, లేదా రచయిత ఇంటిపేరుతో వెతికేవాడు మాత్రం ఈ తాళాన్ని తీసేస్తాడు. అలాంటివాణ్ణి గమనిస్తూ ఉండాలి.

అసలు ముప్పు ఆన్‌లైన్‌లో ఉంది. డిగ్రీ కాలేజీలకు యూజీసీ వారి లైబ్రరీ సంస్థ ఇన్‌ఫ్లిబ్‌నెట్ నడిపే ఎన్-లిస్ట్ ఉంది: 6,000కు పైగా జర్నళ్లు, లక్షా తొంభై వేలు దాటిన ఈ-పుస్తకాలు. ఇంజనీరింగ్, మెడికల్, ఫార్మసీ కాలేజీలు దాని పరిధిలోకి రావు. ఇంజనీరింగ్ వాళ్లకు సాధారణంగా డెల్‌నెట్ అనే లైబ్రరీల నెట్‌వర్క్ ఉంటుంది. ఎన్-లిస్ట్‌లో ప్రతి విద్యార్థికీ విడిగా యూజర్ ఐడీ ఇవ్వొచ్చు, ఇంట్లో కూర్చునీ వాడుకోవచ్చు. ఇంత ప్రమాదకరమైన వస్తువును మనవాళ్లు ఎంత ఒడుపుగా నిర్వీర్యం చేశారో చూడండి. కాలేజీ నుంచి విద్యార్థి ఈమెయిల్‌తో జాబితా పంపాలి. పాస్‌వర్డ్ ఆ మెయిల్‌కు వెళుతుంది. ఆ మెయిల్ అడ్మిషన్ నాడు ఇంటర్నెట్ సెంటర్ కుర్రాడు సృష్టించినది. అంటే చరిత్రకారుడు పాల్ కెన్నడీనో, మొక్కల కిరణజన్య సంయోగక్రియో చదువుకోవలసిన హక్కు ప్రస్తుతం ఆ సెంటర్ కుర్రాడికి ఉంది. మెయిల్ సొంతదే అయినా పాస్‌వర్డ్ స్పామ్‌లో పడుంటుంది. స్పామ్ చూడమని చెప్పే నోటీసు లైబ్రరీలో అంటిస్తారు, లైబ్రరీకి రానివాళ్ల కోసం.

2025 జనవరి నుంచి కేంద్రం వారి వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ పథకం కూడా వచ్చిపడింది. మూడేళ్లకు 6,000 కోట్లు, 30 ప్రచురణ సంస్థలు, దాదాపు 13,000 జర్నళ్లు. అదృష్టవశాత్తూ ఇది ప్రభుత్వ విద్యాసంస్థలకే. మన బెల్టులో ప్రైవేటు కాలేజీలకు కొదవ లేదు గనక చాలామంది పిల్లలు సురక్షితంగానే ఉన్నారు.

అయితే ఏ సభ్యత్వమూ లేకుండా దొడ్డిదారిన జ్ఞానం సంపాదించేవాళ్లున్నారు. వాళ్ల పద్ధతులు తెలిస్తేనే అడ్డుకోగలం. గూగుల్ స్కాలర్‌లో మొత్తం ప్రశ్నను వాక్యంగా కొట్టరు. రెండు మూడు ముఖ్యమైన మాటలు, జంటగా రావలసినవాటిని కొటేషన్ గుర్తుల మధ్య పెడతారు. ఫలితానికి కుడిపక్కన పీడీఎఫ్ లేకపోతే వదిలెయ్యరు, కింద 'ఆల్ వెర్షన్స్' నొక్కుతారు. రచయిత తన యూనివర్సిటీ సైటులో పెట్టిన కాపీ అక్కడ దొరుకుతుంది. 'సైటెడ్ బై' నొక్కి, పాత వ్యాసం నుంచి దాని తరవాత వచ్చినవాటికి నడుస్తారు. బ్రౌజర్‌లో అన్‌పేవాల్ అనే ఎక్స్‌టెన్షన్ పెట్టుకుంటారు; ఉచిత కాపీ ఎక్కడైనా ఉంటే పచ్చ తాళం తెరుచుకుంటుంది. ఇక శోధ్‌గంగ. 5 లక్షలు దాటిన పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాలు, అధ్యాయాలవారీ పీడీఎఫ్‌లుగా, లాగిన్ కూడా అడగకుండా. గడుసువాళ్లు పూర్వ పరిశోధనల సమీక్ష ఉన్న అధ్యాయం, చివరి గ్రంథసూచి మాత్రం దించుకుని ఆర్నెల్ల పని వారంలో ముగిస్తారు. ఇవన్నీ ఒక గంట క్లాసులో నేర్పెయ్యొచ్చు. అందుకే టైంటేబుల్‌లో 'లైబ్రరీ' అని రాసిన పీరియడ్‌ను సిలబస్ పూర్తికాని లెక్చరర్‌కు ఇచ్చెయ్యడం మేలు.

చాట్‌బాట్ మాత్రం మన పక్షమే. రెఫరెన్సులు అడిగితే లేని వ్యాసానికి ఉన్న రచయితను అంటగట్టి, వాల్యూమ్, పేజీ నంబర్లతో సహా వడ్డిస్తుంది. వ్యాసానికి గుర్తింపుగా ఇచ్చే డీఓఐ సంఖ్యను డీఓఐ సైటులో వేసి చూస్తే అరనిమిషంలో గుట్టు బయటపడుతుంది. వేసి చూసే పీహెచ్‌డీ గైడ్లు తక్కువ కనక ఇబ్బంది లేదు.

ఇక రచనా చౌర్యం సంగతి. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం థీసిస్‌లో ఇతరుల రాతతో పోలిక 10 శాతం దాకా ఉంటే శిక్ష లేదు. 10 నుంచి 40 అయితే ఆర్నెల్లలోగా సరిదిద్ది ఇవ్వాలి. 40 నుంచి 60 అయితే ఏడాది ఆగాలి. 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు. ఆధారం చెప్పి కొటేషన్‌లో పెట్టినది, గ్రంథసూచి లెక్కలోకి రావు. అంటే ఎవరి మాటో చెప్పేస్తే సరిపోతుంది. ఇంత సులువైన దారి మనవాళ్లకు నచ్చదు. వాక్యాన్ని మాటలు మార్చే సాఫ్ట్‌వేర్‌లో వేసి తిప్పుతారు. కృత్రిమ మేధ వెళ్లి నకిలీ స్పృహగా, బిగ్ డేటా వెళ్లి బ్రహ్మాండమైన సమాచారంగా తిరిగొస్తాయి. శాతం తగ్గుతుంది, అర్థం కూడా.

ఇంత కట్టుదిట్టంగా ఉంటే కాలేజీల నాణ్యత తేల్చే నాక్ బృందానికి ఏం చూపిస్తామని మీరు దిగులుపడొచ్చు. రోజుకు ఎంతమంది వచ్చారన్నదే వాళ్లు అడిగేది, ఏం చదివారన్నది కాదు. గుమ్మంలో రిజిస్టర్, పెన్నుకు దారం ఉంటే చాలు. ఏసీ కోసం వచ్చినవాడు, ఫోన్ చార్జింగుకు వచ్చినవాడు, రికార్డు బొమ్మలు వెయ్యడానికి బల్ల కావాల్సినవాడు, అందరూ పాఠకులే.

ఇక నో డ్యూస్. మూడేళ్లలో ఒక్క పుస్తకమూ తీసుకోని విద్యార్థి కూడా టీసీ కావాలంటే తాను పుస్తకమేమీ బాకీ లేనని లైబ్రేరియన్ సంతకం తెచ్చుకోవాలి. ఆ రోజు వరండాలో బారులు తీరి నిలబడతారు. లైబ్రరీ ఏ అంతస్తులో ఉందని ఒకరినొకరు అడుగుతూ వస్తారు. లోపలికి అడుగుపెట్టే ముందు రిజిస్టర్‌లో పేరు, రోల్ నంబర్, వచ్చిన సమయం రాయించుకోవడం మరిచిపోకండి.