తెలిస్తే చెప్పాలి మరి

చెన్నైలో సముద్రం పక్కనున్న తిరువాన్మియూర్‌లో నాన్నగారి పాత ఫ్లాట్. పై అంతస్తు, కిటికీ తీస్తే ఉప్పు గాలి. అమ్మేద్దామని అన్నాచెల్లెళ్లిద్దరూ ఒప్పుకున్నారు. బేరానికి పెట్టేముందు ఇంజినీరుకు చూపించాలా వద్దా అన్న దగ్గర తగువు మొదలైంది.

అన్న: డబ్బు దండగమ్మా. పాత ఫ్లాట్‌లో గోడలెవరు కొంటారు? యూడీఎస్ ఎంత, అంటే నేలలో మన వాటా ఎన్ని చదరపుటడుగులు, అదే అడుగుతారు. రేపో మాపో బిల్డరుకిస్తే అంతా కూల్చేదే.

చెల్లెలు: కూల్చేదాకా ఈ స్లాబు కింద ఎవరో ఒకరు పడుకోవాలిగా అన్నయ్యా.

అన్న: ఇది విను. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం, 55వ సెక్షన్. కొనేవాడు మామూలు జాగ్రత్తతో చూసినా కనిపెట్టలేని పెద్ద లోపం అమ్మేవాడికి తెలిస్తే చెప్పి తీరాలి. 'తెలిస్తే' అన్నారు. పిలిచి మరీ తెలుసుకోవడం ఎందుకు? తెలిస్తే చెప్పాలి, చెబితే రేటు పడిపోతుంది.

(మాటలో పస ఉంది. చెల్లెలు కూడా కాసేపు నోరెత్తలేదు.)

చెల్లెలు: ఫ్యాను పక్కన పెచ్చు ఊడి సోఫా మీద పడింది, గుర్తుందా? లోపల కమ్మి తుప్పుపట్టి పొరలు పొరలుగా లేచింది. దాని మీద సిమెంటు పూయించి పెయింట్ కొట్టించిందెవరు?

అన్న: నేనే. చిన్న పెచ్చు అది.

చెల్లెలు: చేటంత ఉంది! ఇంక తెలియదని ఎలా అంటావు? ఎంతదూరం పాకిందో, అదొక్కటే నీకు తెలియంది. సముద్రపు ఉప్పు కాంక్రీటులోకి దిగితే కమ్మి తుప్పు పడుతుంది. తుప్పు ఉబ్బి పెచ్చును కిందికి తోస్తుంది. పైపూతతో ఆగుతుందా? ఇంజినీరైతే చిన్న సుత్తితో స్లాబంతా తట్టి, డొల్లగా మోగిన చోటల్లా సుద్దతో గీస్తాడు.

అన్న: హాలంతా మోగితే?

చెల్లెలు: రిపేరు చేయించి అమ్ముదాం, లేదా ఉన్నది చెప్పి ఆ మేరకు తగ్గిద్దాం. అడ్వాన్సు ఇచ్చాక వాళ్ల ఇంజినీరొచ్చి తడితే? మనం ఆ డబ్బు ఎక్కడో కట్టేసి ఉంటాం. రిజిస్ట్రేషన్ ముందు రోజు వాళ్లు ఎంతంటే అంతకి తలూపాలి.

అన్న: అందరూ సుత్తులు పట్టుకుని రారులే. అయినా కరెంటు పని మాత్రం భేషుగ్గా ఉంది, దానికి ఏ ఇంజినీరూ అక్కర్లేదు.

ఆమె లేచి తలుపు వెనకున్న బోర్డు తెరిచింది. కరెంటు లీకైతే సరఫరా ఆపేసే ఆర్‌సీసీబీ మీద 'టెస్ట్' బటన్ నొక్కింది. టప్పున పడిపోవాలి. పడలేదు. మళ్లీ నొక్కింది. ఫ్యాను తాపీగా తిరుగుతూనే ఉంది.

అన్న: నువ్వు నొక్కకపోతే తెలిసేదే కాదు కదా.